రెండు పట్టికలు, ఒకే గడి

పల్లెల్లో ఒకే పేరున్న రైతులు ఇద్దరు ముగ్గురు ఉండటం వింత కాదు. అందుకే జాబితాలో ఒట్టి పేరు కనిపిస్తే చాలదు; తండ్రి పేరూ, సర్వే నంబరూ పక్కనే ఉండాలి. లేకపోతే ఒకరికి రావలసిన పంట నష్టం డబ్బు మరొకరి ఖాతాకు పోవచ్చు. ఈ చిన్న అవసరాన్నే ఉదాహరణగా తీసుకుని, కాన్సాస్‌లోని ఒక దినపత్రిక కార్యాలయంలో పుట్టి 2005లో అందరికీ విడుదలైన జాంగో ఫ్రేమ్‌వర్క్‌లో రెండు పట్టికల వివరాలు కలిపి చూపడం ఎలాగో చెబుతాను.

ఒక పట్టిక రైతుది: పేరు, తండ్రి పేరు. రెండోది కమతానిది: సర్వే నంబరు, విస్తీర్ణం. కమతంలో రైతు పేరు మళ్లీ రాయం. ఆ రైతును చూపించే ఫారిన్ కీ మాత్రం ఉంచుతాం. 1970లో ఐ.బి.ఎం. పరిశోధకుడు ఇ.ఎఫ్. కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ పద్ధతి ఇదే. పేరులో ఒక అక్షరం తప్పుంటే ఒక్కచోట దిద్దితే చాలు, ఆయన అయిదు కమతాలకూ దిద్దినట్టే.

ఇక కలపడం. తేలిక మార్గం ఏమంటే, కమతం మోడల్‌లో చిన్న ఫంక్షన్ రాసి మూడు వివరాలనూ వరుసగా చేర్చి ఇవ్వడం. చూడ్డానికి బాగానే ఉంటుంది. కాని వంద కమతాల జాబితా తెరిస్తే, జాంగో కమతాల కోసం ఒకసారి, తర్వాత ఒక్కో కమతం తాలూకు రైతు కోసం ఒక్కోసారి, వెరసి 101 సార్లు డేటాబేసు తలుపు తడుతుంది. బస్తాకో బండి కట్టినట్టన్నమాట! సెలెక్ట్ రిలేటెడ్ అని ఒక్క మాట చేరిస్తే, రెండు పట్టికలనూ జాయిన్ చేసి ఒకే ప్రశ్నతో అంతా తెస్తుంది.

అయినా ఒక చిక్కుంది. ఫంక్షన్ కలిపిన మాట పైథాన్‌లో పుట్టింది. డేటాబేసు దాన్ని ఎరగదు. కాబట్టి దానిమీద వెతకమన్నా, వరుస పెట్టమన్నా కుదరదు. అవి కావాలంటే యానొటేట్‌లో కాన్‌కాట్ వాడి, కలిపే పని డేటాబేసుకే అప్పగించాలి. రైతు పట్టికలోకి దారి ఇదీ: ఫారిన్ కీ పేరు, రెండు అండర్‌స్కోర్లు, ఆపైన ఫీల్డు పేరు. మధ్యలో పెట్టే కామాను వాల్యూలో చుట్టాలి. ఊరకే రాస్తే జాంగో దాన్ని కూడా ఫీల్డు పేరే అనుకుంటుంది.

అడ్మిన్ తెరలో, 2024లో వచ్చిన 5.1 వెర్షన్ నుంచి ఈ అండర్‌స్కోర్ల దారి లిస్ట్ డిస్‌ప్లేలోనే నేరుగా పనిచేస్తోంది. అయితే వివరాలు వేరువేరు గడుల్లో వస్తాయి, కలిసి రావు.

అన్నట్టు, సర్వే నంబరు పేరుకే నంబరు. 112/2 లాంటివి ఉంటాయి గనుక అక్షరాల ఫీల్డుగా పెట్టవలసి వస్తుంది. అప్పుడు వరుసలో 112 కంటే 1100 ముందొస్తుంది! పహాణీ చూడ్డం అలవాటైనవాళ్లు దీన్ని ఒప్పుకోరు. అసలు నంబరు అంకెల ఫీల్డుగా, బై నంబరు అక్షరాల ఫీల్డుగా విడదీసి, చూపేటప్పుడు మాత్రం కలపడం మేలని నా అభిప్రాయం. అలా అంకెనూ అక్షరాన్నీ కలిపేచోట కాన్‌కాట్‌కు అవుట్‌పుట్ ఫీల్డు అక్షరాలదని విడిగా చెప్పాలి.