దేనారముపై ఎవరి రూపము?

పాఠ్యభాగములు: మార్కు 12:13-17, మత్తయి 20:1-16, ఆదికాండము 1:27



పన్నును గూర్చి తన్ను శోధించిన వారిని ప్రభువు ఒక దేనారము తెమ్మనెను. అది తిబెరి కైసరు (క్రీ.శ. 14-37) వేయించిన వెండి నాణెమని పలువురు పండితుల అభిప్రాయము. దాని బరువు నాలుగు గ్రాములకు కొంచెము తక్కువ.

1. నాణెముపై ఏమున్నది?

ఒక ప్రక్క ఆకుల కిరీటము ధరించిన కైసరు తల. చుట్టును, అతడు దైవమైన ఔగుస్తు కుమారుడని లాటిను వ్రాత. రెండవ ప్రక్క రాజదండమును కొమ్మను పట్టుకొని కూర్చున్న స్త్రీ. ఆమె కైసరు తల్లి లివియ అని కొందరందురు. ఆమె చుట్టును, కైసరు ప్రధాన యాజకుడని వ్రాత.

2. మన దేశమునకు వచ్చిన దేనారములు

మిరియాలు మొదలగు సరకుల కొరకు రోమా వర్తకులు ఈ వెండిని ఓడలలో తెచ్చిరి. ఔగుస్తు, తిబెరి కైసరుల దేనారములు కోయంబత్తూరు ప్రాంతమునను, నల్గొండ జిల్లా అక్కనపల్లిలోను దొరికినవి. మన ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియములోను రోమా నాణెములున్నవి. ఈ దేశములో దొరికిన కొన్నిటిపై కైసరు ముఖము మీదనే ఉలిగాటు కనబడును. అతని రాజ్యము దాటిన తరువాత ఆ రూపమునకు అధికారము లేదు, వెండికే విలువ.

3. మనకు పాఠము

కైసరు రూపమున్న నాణెము కైసరుది. మరి దేవుని స్వరూపమందు చేయబడిన మనుష్యుడు ఎవరివాడు? ఆ రూపము ఏ ఊరు వెళ్లినను చెల్లును.

దేనారము ఒక దినపు కూలి. ప్రొద్దు గ్రుంకు వేళ వచ్చినవారికిని యజమానుడు అదే దేనారమిచ్చెను. ముందు వచ్చినవారు సణిగిరి. చెన్నపట్టణమునకు మనము ముందు వచ్చినవారము. ఇండ్లు కట్టుకొంటిమి, సంఘ కమిటీలలో కూర్చుంటిమి. నిన్న మొన్న శ్రీకాకుళము నుండి మేస్త్రీ వెంట కట్టడపు పనికి వచ్చిన కుటుంబము ఆరాధనకు వచ్చినప్పుడు వెనుక బల్ల చూపలేదా? అప్పుడు మనము మనిషిని కూలిని బట్టి తూచితిమి. వారిపైనున్న రూపమును చూడలేదు. ఈ తప్పు మనయందు కలదని ఒప్పుకొందము.

ఆలోచించుడి:

1. మన సంఘమునకు క్రొత్తగా వచ్చిన కూలి కుటుంబముల పేర్లు మనకు తెలియునా?

2. వచ్చే ఆదివారము వారిలో ఎవరిని మన ఇంట భోజనమునకు పిలిచెదము?