భరణమా? హక్కా? – విడాకులు పొందిన భార్యకు వృద్ధాప్య పింఛను

ఇల్లాలి శ్రమకు జీతము లేదు. జీతము లేని శ్రమకు పింఛను లేదు. ఇది లోకరీతి. భర్త ఉద్యోగము చేసినన్నినాళ్లు ఇంటిని, బిడ్డలను, అత్తమామలను కనిపెట్టుకొని యుండిన స్త్రీకి, వయస్సు మళ్లిన పిమ్మట కాపురము విచ్ఛిన్నమైనచో గతి యేమి? ఈ ప్రశ్నకు అమెరికా దేశపు సోషల్ సెక్యూరిటీ చట్టము చెప్పిన సమాధానమును మన విద్యార్థినీ విద్యార్థులకు పరిచయము చేయుట మా ఉద్దేశము. తెలుగువారనేకులు ఆ దేశమున స్థిరపడియున్నారు. వారి గృహిణులలో కొందరు వీసా నిబంధనల వలన ఏండ్ల తరబడి ఉద్యోగము చేయ వీలులేక ఇంటిపట్టుననే యుండవలసి వచ్చినది. కావున ఈ విషయము మనకు దూరమైనది కాదు.

అధ్యక్షుడు రూజ్వెల్టు 1935 ఆగస్టు 14 న సంతకము చేసిన మూల చట్టములో పింఛను పనివానికి మాత్రమే. 1939 సవరణతో భార్యకును, వితంతువునకును చోటు లభించినది. విడాకులు పొందిన భార్యను 1965 లో గుర్తించిరి. కాని వివాహము 20 సంవత్సరములు నిలిచియుండవలెననియు, మాజీ భర్త ఆమెను పోషించుచుండవలెననియు షరతులు పెట్టిరి. పోషణ షరతును 1972 లో తొలగించిరి. 1977 సవరణ 20 సంవత్సరములను 10 కి తగ్గించినది. భార్యను ఆశ్రితురాలిగా చూచుట మాని, హక్కుదారుగా చూచుటకు చట్టమునకు ఇన్ని ఏండ్లు పట్టినది.

నేటి నియమములను సంగ్రహముగా తెలిపెదము. పనిచేసిన వ్యక్తికి 40 క్రెడిట్లు, అనగా సుమారు 10 సంవత్సరముల సంపాదన ఉండవలెను. కాపురము చేయుచున్న భార్యకు సాధారణముగా వివాహమై ఒక సంవత్సరము, వయస్సు 62 సంవత్సరములు నిండవలెను. భర్త తన పింఛను కోరియుండవలెను. విడాకులు పొందిన భార్యకు వివాహము 10 సంవత్సరములు నిలిచియుండవలెను, 62 ఏండ్లు నిండవలెను, ఆమె అవివాహితగా నుండవలెను. మాజీ భర్తకు 62 ఏండ్లు నిండియు అతడు పింఛను కోరకున్నను, విడాకులై 2 సంవత్సరములు గడచినచో ఆమె స్వయముగా కోరవచ్చును. ఇవే నియమములు భర్తలకును వర్తించును.

ఒక లెక్క చూతము. 1960 లోను, ఆ తరువాతను పుట్టినవారికి పూర్తి పింఛను వయస్సు 67. ఆ వయస్సున భర్తకు రావలసినది నెలకు 2,000 డాలర్లనుకొందము. భార్య తన 67 వ యేట కోరినచో అందులో సగము, అనగా 1,000 డాలర్లు వచ్చును. తొందరపడి 62 వ యేటనే కోరినచో 650 డాలర్లే. ఆమెకు స్వంత సంపాదనపై 400 డాలర్లు వచ్చునట్లయిన, 67 వ యేట ఆ 400 కు పైన 600 చేర్చి 1,000 చేయుదురే గాని, రెండును పూర్తిగా ఈయరు. విడాకులు పొందిన భార్యకిచ్చు సొమ్ము వలన మాజీ భర్త పింఛనులో గాని, అతని రెండవ భార్య భాగములో గాని ఒక్క డాలరు తగ్గదు. అతడు మరణించినచో ఆమె భాగము పెరిగి, పూర్తి మొత్తము వరకు రావచ్చును.

ఈ చట్టము నిర్దోషమైనదని మేము చెప్పము. తొమ్మిదేండ్ల పదకొండు నెలలకు విడాకులు ఖరారైనచో ఆమెకు ఏమియు రాదు. గీత గీచినచోట, గీతకు ఈవల నిలిచినవారికి కష్టము తప్పదు.

ఇక మన దేశమున, కేంద్ర ప్రభుత్వోద్యోగుల 2021 నాటి పింఛను నియమముల ప్రకారము కుటుంబ పింఛను మొదట వితంతువునకు లేక భార్యను కోల్పోయిన భర్తకు చెందును. విడాకులు పొందిన కుమార్తె కొన్ని షరతులకు లోబడి తలిదండ్రుల వలన ఆ పింఛను పొందవచ్చును. కాని విడాకులు పొందిన భార్యకు, ఆమె ముప్పది యేండ్లు కాపురము చేసినను, అందులో చోటు లేదు. ఆమెకు మిగులునది భరణము. తెలంగాణ నుండి వెళ్లిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2024 జూలై 10 న, పూర్వపు క్రిమినల్ ప్రొసీజరు కోడు 125 వ సెక్షను క్రింద విడాకులు పొందిన ముస్లిం స్త్రీలును భరణము కోరవచ్చునని తీర్పు చెప్పినది. అది గొప్ప మేలే. అయినను భరణమునకై మాజీ భర్తపై కోర్టుకు పోవలెను. అతనికి స్తోమత ఉండవలెను. పింఛను హక్కునకు అతని దయతో పనిలేదు. గడచిన కాపురపు ఏండ్లే దానికి సాక్ష్యము. ఈ రెంటికి గల భేదమే ఈ వ్యాససారము.

మా విద్యార్థినులకు ఒక మాట. నికాహ్‌నామా గాని, వివాహ ధ్రువపత్రము గాని, విడాకుల పత్రము గాని తేదీలతో సహా భద్రపరచుకొనుడు. పరదేశమునకు వెళ్లు అక్కచెల్లెండ్రకు ఈ మాట చెప్పుడు. హక్కు చట్టములో ఉన్నను, దానిని చేతికి తెచ్చునది కాగితమే. కాపురమునకు వెచ్చించిన ఏండ్లకు మన చట్టములును ఒకనాడు విలువ కట్టునని ఆశించుచున్నాము.