వంపు తిరిగిన వాలుబాట, ఒరిగిన గోడ

గృహనిర్మాణమునకు వలయు పటములను పూర్వము బల్లపై కాగితము పరచి గీయుచుండిరి. నేడు ఆ పని కంప్యూటరుపై జరుగుచున్నది. ఆటోకాడ్ 1982లోను, స్కెచ్‌అప్, రెవిట్ అనునవి 2000లోను వెలువడినవి. ఇంజనీరింగు, వాస్తువిద్య చదువు మన పిల్లలు వీనినే అభ్యసించుచున్నారు. నలుచదరపు గదిని, నిటారు గోడను ఈ సాధనములతో గీయుట సులభము. బాట వంపు తిరుగుచు పైకెక్కునపుడును, గోడ ఒక ప్రక్కకు ఒరిగినపుడును గీయువాని అసలు చదువు బయటపడును. ఆ చదువు ఉన్నత పాఠశాలలోని రేఖాగణితమే. కావున ఈ పాఠము విద్యార్థులకే గాక తల్లిదండ్రులకును తెలియదగినది.

ముందుగా వాలు అన నేమో చూతము. ఎంత దూరము సాగినచో ఎంత ఎత్తు ఎక్కుదుమో, ఆ రెంటి నిష్పత్తియే వాలు. 12 అడుగులు సాగి 1 అడుగు ఎక్కినచో దానిని 12కు 1 వాలు అందురు. చక్రముల కుర్చీకై కట్టు వాలుబాట అనగా ర్యాంపు, ఇంతకంటె నిటారుగా ఉండరాదని మన దేశపు ప్రమాణములు చెప్పుచున్నవి. వికలాంగుల హక్కులను గూర్చిన 2016 నాటి చట్టము విద్యాలయ భవనములు వారికి అందుబాటులో ఉండవలెనని విధించినది. తిన్నని బాటకు లెక్క తేలిక. అరుగు ఎత్తు 60 సెంటీమీటర్లయినచో బాట పొడవు 720 సెంటీమీటర్లు ఉండవలెను.

స్థలము చాలక అదే బాటను వంచవలసి వచ్చినదనుకొందము. అది పావు వృత్తముగా తిరుగును; వెడల్పు 150 సెంటీమీటర్లు. పావు వృత్తపు చాపము పొడవు వ్యాసార్ధమునకు సుమారు 1.571 రెట్లు. మధ్యరేఖ పొడవు 720 కావలెనన్న దాని వ్యాసార్ధము 458 సెంటీమీటర్లు. పటముపై “వాలు 12కు 1” అని వ్రాయుదురు. అది మధ్యరేఖ విషయమున సత్యమే. కాని లోపలి అంచు వ్యాసార్ధము 383 మాత్రమే. దాని పొడవు 602. అంత తక్కువ దూరములోనే ఆ అంచును 60 సెంటీమీటర్లు ఎక్కవలెను. కావున అచ్చట వాలు 10కి 1 అయినది. వెలుపలి అంచు పొడవు 837. అచ్చట వాలు 14కు 1. బాట ఒక్కటే, ఎత్తు ఒక్కటే, వాలులు మాత్రము మూడు!

వంపు బిగిసినకొలది ఈ భేదము పెరుగును. అదే 720 సెంటీమీటర్ల మధ్యరేఖను అర్ధవృత్తముగా త్రిప్పినచో లోపలి అంచు పొడవు 484కు తగ్గి, వాలు 8కి 1 అగును. లోపలి ప్రక్కనున్న కమ్మిని పట్టుకొని ఎక్కు వృద్ధురాలు నడచునది ఆ అంచుననే. పటములోని అంకె ఆమెకు ఉపయోగపడదు.

దీనికి పరిష్కారము కలదు. లోపలి అంచునే కొలతగా గైకొనవలెను. పావు వృత్తములో లోపలి అంచు వ్యాసార్ధమునే 458గా ఉంచినచో ఆ అంచున వాలు 12కు 1, మధ్యరేఖపై 14కు 1 అగును. వెలుపలి వ్యాసార్ధము 533 నుండి 608 అగును. అనగా అధికముగా వలయు స్థలము 75 సెంటీమీటర్లు మాత్రమే.

ఇక కంప్యూటరుపై దీనిని గీయు పద్ధతిని స్కెచ్‌అప్‌లో చూతము. ఆ సాధనములో చాపమనునది నిజమునకు చిన్న సరళరేఖల గొలుసు. మామూలుగా అందు 12 తునకలుండును. ఒకే కేంద్రము నుండి 458, 608 వ్యాసార్ధములతో రెండు పావు వృత్తపు చాపములు గీయవలెను. రెంటి విభజన బిందువులను అడ్డగీతలతో కలుపవలెను. మొత్తము ఎత్తు 60, తునకలు 12. కావున ఒక్కొక్క అడ్డగీతను దాని ముందరి దానికంటె 5 సెంటీమీటర్లు పైకి లేపవలెను. మొదటి గీత నేలపై నుండును, చివరిది అరుగును తాకును. పిదప ప్రక్క ప్రక్క గీతల కొనలను కలుపవలెను.

ఇచ్చట ఒక చిత్రము కనబడును. రెండు అడ్డగీతల నడుమ ఏర్పడిన నాలుగు మూలల గడిని యంత్రము ఒకే పలకగా స్వీకరింపదు. ఏలయన ఆ నాలుగు బిందువులు ఒకే తలమున లేవు. కర్ణము గీచి గడిని రెండు త్రిభుజములుగా విభజించిన గాని ఉపరితలము ఏర్పడదు. యంత్రము మొండికేసినదని విద్యార్థి విసుగుకొనరాదు. వంపు బాట పైతలము మెలిపడి యుండునను సత్యమునే అది చెప్పుచున్నది. నాలుగు కాళ్ల పీటను మెలిపడిన పలకపై ఉంచినచో ఒక కాలు గాలిలో నుండుటకు అవకాశము కలదు. చక్రముల కుర్చీకిని అట్టి స్థితియే. కనుకనే స్థలము చిక్కినచోట తిన్నని బాటలనే కట్టి, మలుపు వద్ద సమతలమైన మజిలీ ఉంచుట మేలు. వంపు తప్పనిచో దానిని వీలైనంత విశాలముగా తీయవలెను.

ఒరిగిన గోడ విషయమునను ఇట్టి చిక్కే కలదు. రెవిట్ 2021 సంస్కరణలో గోడను గీచి, నిటారు నుండి ఎన్ని డిగ్రీలు ఒరుగవలెనో చెప్పు సౌకర్యము వచ్చినది. ఇతర సాధనములలో గోడ అడ్డుకోతను గీచి, దానిని నేలపై గీచిన రేఖ వెంట నడిపించవలెను. ఆ రేఖ చాపమైనచో ఏర్పడు గోడ శంకువులోని ఒక భాగము. దాని అడుగు వ్యాసార్ధము వేరు, శిఖర వ్యాసార్ధము వేరు.

వాలుబాట ప్రక్క గోడ లోపలికి 10 డిగ్రీలు ఒరిగినదనుకొందము. నేలమట్టపు ప్లానులో బాట వెడల్పు 150 సెంటీమీటర్లే కనబడును. కాని 200 సెంటీమీటర్ల ఎత్తున గోడ 35 సెంటీమీటర్లు లోపలికి వచ్చియుండును. చూపులేని బాలుని చేతికర్రకు నేల నిరాటంకముగా తోచును. అతని తలకు మాత్రము గోడ తగులును. కావున ఒరిగిన గోడకు ప్లాను ఒక్కటి చాలదు. తల ఎత్తున మరియొక కోత తీసి చూచుట తప్పనిసరి.

వంపు బాట, ఒరిగిన గోడ రెండును కలిసిన ప్రసిద్ధ భవనము న్యూయార్కులోని గుగెన్‌హైమ్ ప్రదర్శనశాల. దానిని రూపొందించినవాడు ఫ్రాంక్ లాయిడ్ రైట్. 1943లో పని చేపట్టెను. 1959 అక్టోబరులో భవనము తెరువబడుటకు ఆరు నెలల ముందే మరణించెను. దాని పటములన్నియు చేతితో గీచినవే. ఒరిగిన గోడపై చిత్రములు ప్రదర్శించుట ఎట్లని 1956లో 21 మంది చిత్రకారులు అభ్యంతరము తెలిపిరి. 1997లో స్పెయిన్‌లోని బిల్బావోలో తెరచిన గుగెన్‌హైమ్ భవనమునకు ఫ్రాంక్ గెహ్రీ కార్యాలయము వారు కాటియా అను సాధనమును వాడిరి. అది ఫ్రాన్సులో విమానముల రూపకల్పనకై పుట్టినది. సాధనము మారినను, గోడ ఒరిగినచో లోపల మసలువారికి ఏమగునను ప్రశ్న మారలేదు.

యంత్రము మనము చెప్పిన రేఖనే కొలుచును. ఏ రేఖను కొలువవలెనో అది చెప్పదు. ఆ నిర్ణయము మనిషిదే. పాఠశాలలోనో, ఆసుపత్రిలోనో వంపు బాట కట్టదలచి పటము చూపినపుడు తల్లిదండ్రులు రెండు ప్రశ్నలు వేయవచ్చును: లోపలి అంచున వాలు ఎంత? తల ఎత్తున వెడల్పు ఎంత? ఈ ప్రశ్నలకు కంప్యూటరు పరిచయము అక్కరలేదు. ఎత్తు, పొడవు, వ్యాసార్ధము అను మాటల అర్థము తెలిసిన చాలును. ఇంట పిల్లవానిచే ఒక దారము, కొలబద్ద పట్టించి, పెరటిలో ఒకే కేంద్రము నుండి రెండు చాపములు గీయింపుడు. రెంటి పొడవులను వాడే కొలిచి చూచుగాక. పటములోని అంకెను ప్రశ్నించు అలవాటు అచ్చటనే మొదలగును.