రేడియో గొంతు ఎలా పెరుగుతుంది?

అరసవల్లిలో ఒక ఇల్లు. అరుగు మీద అమ్మ, కూతురు కూర్చున్నారు. కూతురు శ్రీకాకుళంలో ఐటీఐ చదువుతోంది. ఆమె చేతిలో పాత రేడియో ఉంది. మాట వస్తోంది. కానీ చెవి దగ్గర పెట్టుకుంటేనే వినపడుతోంది.

"ఈ పాతది ఎందుకే? ఫోను ఉంది గదా" అంది అమ్మ.

"తిత్లీ తుపాను మర్చిపోయావేటమ్మా?"

అమ్మ మర్చిపోలేదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున ఆ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కరెంటు స్తంభాలు కూలాయి. చాలా ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. ఛార్జింగ్ లేక ఫోన్లు ఆగిపోయాయి. బ్యాటరీల రేడియోకు కరెంటుతో పని లేదు. కానీ తుపాను కబురు ఇంట్లో అందరికీ వినపడాలి గదా!

విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలైంది. అక్కడి నుంచి అరసవల్లికి సుమారు 100 కిలోమీటర్లు. అంత దూరం వచ్చేసరికి రేడియో అల నీరసపడిపోతుంది. డయోడ్ అనే చిన్న భాగం ఆ అలలోంచి మాటను విడదీస్తుంది. ఆ మాటకు స్పీకరును కదిపే శక్తి ఉండదు. దాన్ని పెంచే పని ట్రాన్సిస్టర్‌ది.

ట్రాన్సిస్టర్ 1947లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో పుట్టింది. అంతకు ముందు రేడియోల్లో గాజు వాల్వులు ఉండేవి. పెట్టె పెద్దది, బరువు. ట్రాన్సిస్టర్ వచ్చాక రేడియో చేతి సంచిలో పట్టింది. మనవాళ్లు రేడియోనే ట్రాన్సిస్టర్ అనేశారు. అసలు ట్రాన్సిస్టర్ శనగ గింజంత ఉంటుంది. దానికి మూడు కాళ్లు. ఎమిటర్, బేస్, కలెక్టర్.

"శనగ గింజకి అంత బలమేటి?" అంది అమ్మ.

"బలం దానిది కాదమ్మా. చెరువు మదుము చూశావు గదా?"

మదుము తలుపు కొంచెం ఎత్తితే కాలవ నిండా నీరు పారుతుంది. దించితే తగ్గుతుంది. చెయ్యి నీటిని మొయ్యలేదు. తలుపును కదిపింది, అంతే. ట్రాన్సిస్టర్‌లో బేస్ ఆ తలుపు. నీరసమైన మాట బేస్‌ను కదుపుతుంది. బ్యాటరీ కరెంటు అదే తీరున ఎక్కువా తక్కువా పారుతుంది. స్పీకరులో వినపడే బలం బ్యాటరీది. అందుకే బ్యాటరీ అయిపోతే గొంతు పడిపోతుంది.

మాట పైకీ కిందికీ ఊగుతుంది. తలుపు పూర్తిగా మూసి ఉంటే ఇంకా దించలేం. పూర్తిగా తెరిచి ఉంటే ఇంకా ఎత్తలేం. సగం తెరిచి ఉంచాలి. లేకపోతే మాట తెగి గరగరలాడుతుంది. 6 వోల్టుల బ్యాటరీ అయితే కలెక్టర్ దగ్గర సుమారు 3 వోల్టులు ఉండాలి. దానికోసం బేస్ నుంచి ప్లస్‌కు 47 కిలో ఓముల రెసిస్టరు, మైనస్‌కు 10 కిలో ఓముల రెసిస్టరు కడతారు. కలెక్టర్‌కు 3.3 కిలో ఓములు. ఎమిటర్‌కు 470 ఓములు.

ఈ 470 ఓములది చిన్నదని వదలకూడదు. ట్రాన్సిస్టర్ వేడెక్కితే ఎక్కువ కరెంటు లాగుతుంది. లాగిన కొద్దీ ఇంకా వేడెక్కుతుంది. ఈ రెసిస్టరు దానికి పగ్గం వేస్తుంది. అయితే అది మాటకు కూడా పగ్గం వేస్తుంది! అందుకని దాని పక్కనే ఒక కండెన్సరు పెడతారు. మాట ఆ పక్కదారిన పోతుంది.

ఒక్క ట్రాన్సిస్టర్ చాలదు. మొదటిది మాటను 50 రెట్లు పెంచింది అనుకుందాం. రెండోది ఇంకో 50 రెట్లు పెంచుతుంది.

అమ్మ వేళ్ల మీద లెక్కేసింది. "మొత్తం 100."

"కూడకూడదమ్మా. గుణించాలి. 50 యాభైలు 2500."

"ఓలమ్మ! అయితే పది పెట్టేస్తే పోలా?"

అలా పెడితే రేడియో కీచుమని అరుస్తుంది. పెరిగిన మాట మళ్లీ మొదటికి వచ్చి చేరుతుంది. ఆ గోలలో కబురు వినపడదు.

కూతురు మీటరు పెట్టి చూసింది. కలెక్టర్ దగ్గర 3.2 వోల్టులు. తలుపు సగానే ఉంది. బ్యాటరీలు కొత్తవి. మరి లోపం ఎక్కడ? ఎమిటర్ పక్కనున్న కండెన్సరు ఏళ్ల తరబడి వాడి ఎండిపోయింది. మాటకు పక్కదారి మూసుకుపోయింది. కొత్తది తెచ్చి, ప్లస్ మైనస్ చూసుకుని టంకం వేసింది.

లెక్క చేయండి: మొదటి ట్రాన్సిస్టర్ 40 రెట్లు, రెండోది 30 రెట్లు పెంచితే మాట మొత్తం ఎన్ని రెట్లు పెరుగుతుంది?