ఉలవచారు మనకు, ఉలవలు ఎద్దులకా?

మా దగ్గర ఉలవలు తీసుకునేవాళ్లలో చాలామంది అడిగేది ఒకటే: "షుగర్‌కి మంచిదట కదండీ, ఉలవచారు ఎలా పెట్టాలి?" అది వీడియోలో చూపించాను. రుచిలో దానికి సాటి లేదు, మీగడ వేసుకుంటే ఇక చెప్పక్కర్లేదు. కానీ ప్రోటీన్ కోసమైతే చారు చాలదు.

ఉలవలు ఉడికించి, ఆ నీళ్లు వంపి, మరగబెట్టి చారు కాస్తాం. ప్రోటీన్ చాలావరకు గింజలోనే ఉండిపోతుంది, పీచు కూడా. పూర్వం ఆ గింజలు ఎద్దులకు పెట్టేవాళ్లు. రోజంతా నాగలి లాగింది ఎవరు మరి! కొన్ని తాలింపు వేసి గుగ్గిళ్లుగా మనుషులూ తినేవాళ్లు.

100 గ్రాముల ఎండు ఉలవల్లో సుమారు 22 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. అంతే బియ్యంలో 7-8 గ్రాములే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2000 కిలో క్యాలరీల ఆహారానికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు అని చెప్పింది. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి లెక్కేస్తే నెలకు పది కిలోల పప్పులు! మీ సరుకుల చీటీలో ఎంత రాస్తున్నారో ఒకసారి చూడండి.

2025లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో 62 శాతం క్యాలరీలు పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. అందులో 5 శాతం క్యాలరీల మేర తగ్గించి, ఆ స్థానంలో పప్పుల్లాంటి మొక్కల ప్రోటీన్ లేదా పాల ప్రోటీన్ తీసుకుంటే షుగర్ ముప్పు తక్కువగా ఉంటుందని ఆ లెక్కల్లో తేలింది. "ఆ స్థానంలో" అన్నమాట గమనించండి. అన్నం ఎప్పటంతే తిని, పైన గుగ్గిళ్లు చేరిస్తే క్యాలరీలు పెరుగుతాయి, అంతే. ఒక గరిటె అన్నం తీసేసి ఒక గరిటె గుగ్గిళ్లు వేసుకోవాలి.

రాత్రి నానబెట్టి, పొద్దున ఆ నీళ్లు పారబోయండి. గుడ్డలో మూటకట్టి మొలకెత్తిస్తే ఇంకా మంచిది. తర్వాత మెత్తగా ఉడికించండి. పచ్చి ఉలవల్లో ప్రోటీన్‌ని అరగనివ్వని పదార్థాలుంటాయి, నానితే, మొలకెత్తితే, ఉడికితే అవి తగ్గుతాయి. జొన్నరొట్టెతో తింటే జోడీ కుదురుతుంది: జొన్నలో తక్కువగా ఉండే లైసిన్ ఉలవల్లో బాగా ఉంటుంది.

షుగర్ మాత్రలు లేదా ఇన్సులిన్ వాడేవాళ్లు అన్నం బాగా తగ్గించే ముందు డాక్టర్‌కి చెప్పండి, షుగర్ పడిపోవచ్చు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ప్రోటీన్ ఎంత తినాలో అడిగాకే మొదలుపెట్టండి.