కాగితము, కలము: పట్టణము పరిశ్రమలను నిలుపుకొను విధము

మనము నిత్యము కాగితముపై కలముతో వ్రాయుచుందుము. ఈ రెండు వస్తువులను చేయు పరిశ్రమలును రాజమహేంద్రవరమున వెలసినవి. వాని చరిత్రమునుండి పట్టణపాలకులు నేర్వదగిన పాఠ మొకటి గలదు. పరిశ్రమలను రప్పించుటకును, వచ్చినవానిని నిలుపుకొనుటకును పట్టణ మేమి యీయవలెను? ఇచ్చిన రాయితీని ఎట్లు సవరింపవలెను? ఈ ప్రశ్నలను విచారింతము.

మదరాసు ప్రభుత్వము పరిశ్రమలకు ఋణము లిచ్చుటకై 1922లో ఒక చట్టము చేసెను. 1924లో రాజమండ్రిలో కర్నాటిక్ పేపరు మిల్లు వెలసెను. దానికి ప్రభుత్వ ఋణము లభించెను. అయినను అప్పు దొరకినంతమాత్రమున వ్యాపారము నిలువదు గదా! ఆ మిల్లు కష్టములపాలై చేతులు మాఱి, ఆంధ్రా పేపరు మిల్లు అను పేరు దాల్చెను. కొంతకాలము ప్రభుత్వమే దానిని నడపెను. 1964లో అది మరల ప్రైవేటు యాజమాన్యమునకు పోయెను. 2011లో అమెరికా కంపెనీ కొనెను. 2019లో తిరిగి స్వదేశీయుల చేతికి వచ్చెను. యజమానులు మాఱిరి గాని మిల్లు ఊరు విడువలేదు. ఏలన, గోదావరి నీరు, రైలుమార్గము, పని నేర్చిన కార్మికులు వేఱొకచోట సులభముగా దొరకునవి కావు.

ఇక కలము సంగతి. 1921లో కోసూరి వెంకటరత్నముగారు గాంధీమహాత్ముని దర్శింపగా, నిత్యోపయోగమైన స్వదేశీ వస్తువు నొకదానిని చేయుమని ఆయన సూచించెను. రత్నముగారు పెక్కేండ్లు శ్రమపడి కలమును సిద్ధపఱచిరి. 1935లో గాంధీగారు దానిని మెచ్చుకొనుచు జాబు వ్రాసిరి. ఇది చిన్న కార్ఖానా. కాని యజమాని యిల్లును, పనివాని యిల్లును, కీర్తియు నీ యూరనే యున్నవి.

దీనివలన తేలు మొదటి నీతి యిది: దూరమునుండి వచ్చు పెద్దవానికి ఎఱ్ఱతివాచీ పఱచుచు, ఇంటనున్న చిన్నవానిని మఱవరాదు. పట్టణసభ చేతిలో నున్నవి ఆస్తిపన్ను, నీటిరుసుము, వ్యాపారపు లైసెన్సు, సభకు చెందిన అంగళ్ల అద్దె మొదలైనవి. వీనిలో తగ్గింపు ఇచ్చునపుడు చిన్న కార్ఖానాలకును పాలు దక్కవలెను.

రెండవది: రాయితీ ఊరక వచ్చు సొమ్ము కాదు. ఒకనికి తగ్గించిన పన్ను తక్కినవారు మోయవలెను, లేదా వీధిదీపములకును మురుగుకాలువలకును సొమ్ము చాలకపోవును. ఒక కార్ఖానా యేటి పన్ను లక్ష రూపాయ లనుకొందము. అయిదేండ్లు పూర్తిగా మాఫీ చేసినను, పదియేండ్లు సగము తగ్గించినను మొత్తము అయిదు లక్షలే. కాని యజమాని నాల్గేండ్లకే వెడలిపోయినచో, మొదటి పద్ధతిలో పట్టణమునకు నాలుగు లక్షలు నష్టము. రెండవదానిలో రెండు లక్షలే. కావున రాయితీ కొంచెముగాను, దీర్ఘకాలముగాను ఉండుట మేలు. ఇన్ని ఉద్యోగములు స్థానికులకు కల్పింపవలెనను షరతును ఉండవలెను. షరతు తప్పినవాడు పొందినదానిని తిరిగి చెల్లింపవలెను.

మూడవది: సవరణ అవసరమే గాని ఆడినమాట తప్పరాదు. ఆంధ్రప్రదేశమున 2015, 2020, 2023, 2024 సంవత్సరములలో పారిశ్రామిక విధానములు మాఱినవి. అప్పుచేసి యంత్రములు కొన్నవాని నడిమిదారిలో నియమము మాఱినచో అతడు మునుగును. కాబట్టి క్రొత్త నియమములు క్రొత్తవారికే వర్తింపవలెను. పాతవారికి ఒప్పుకొన్నది సకాలమున ముట్టవలెను. ఆలస్యమైన సహాయము సగము సహాయమే.

అన్నిటికన్న గొప్ప ప్రోత్సాహము అందఱకును ఉపయోగపడు పని. 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట ఏ యొక్క వర్తకునికో యిచ్చిన కానుక కాదు. అయినను దాని కాలువలు పంటను, పడవలను, అంగళ్లను పెంచి డెల్టా నంతయు పోషించినవి.

చదువు ముగించి పొట్టకూటికై హైదరాబాదునకును బెంగుళూరునకును పోవు మన యువకులెందఱు! వారిలో కొందఱైన ఈ గోదావరి యొడ్డుననే నిలుచుట పాలకుల వివేకముపై ఆధారపడియున్నది. తలిదండ్రులారా, విద్యార్థులారా! ఇకమీద ఒక రాయితీని గూర్చి వినినపుడు మూడు ప్రశ్న లడుగుడు: ఎవరికి? ఎంతకాలము? ఏ షరతుపై?