తుప్పు మీద లప్పం నిలవదు

ప్రశ్న: మా పాత మారుతి 800 తలుపు కింద పెయింట్ పొక్కులొస్తే నిరుడు గీకి, లప్పం పెట్టి, రంగు కొట్టాను. ఈ వానలకు మళ్లీ ఉబ్బింది. ఇంట్లోనే సరిగ్గా చేసుకోవడం ఎలా?
– ఒక పాఠకుడు, రామంతాపూర్

జవాబు: తప్పు రంగుది కాదండీ, అడుగున మిగిలిన తుప్పుది. లప్పం తేమను పీలుస్తుంది, ఆ తడికి తుప్పు మళ్లీ లేస్తుంది.

ముందు తలుపు అడుగంచున ఉండే చిన్న రంధ్రాలు చూడండి. వాన నీళ్లు పోయే దారులవి. మట్టితో పూడుకుంటే పుల్లతో తీయండి. ఈ పని వదిలేస్తే మిగతాదంతా దండగే. సబ్బునీళ్లతో కడిగి, ఆరాక తిన్నరు గుడ్డతో జిడ్డు తుడవండి. తర్వాత 80 నంబరు రేగ్‌మాల్‌తో రేకు మెరిసేదాకా రుద్దండి. నల్లచుక్క ఒక్కటి కనిపించినా ఆపకండి. అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ కొట్టండి.

అది ఆరాక పలచగా లప్పం. దాన్ని పొడిగానే 180తో రుద్దాలి, నీళ్లు తగలనివ్వద్దు. కళ్లు మూసుకుని అరచేత్తో నిమరండి, కంటికి అందని ఎత్తుపల్లాలు చేతికి తెలుస్తాయి. మళ్లీ ప్రైమర్, 400 వాటర్ పేపర్. రంగు మాత్రం వానలు తగ్గాకే వేయండి, తేమలో తెల్లగా మసకబారుతుంది. మాస్కు తప్పనిసరి.

స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే రేకులోకి దిగుతోందా? అప్పుడు లప్పంతో పూడ్చకండి. రేకు కోసి వెల్డింగ్ చేయాలి, డెంటింగ్ మేస్త్రీకి చూపించండి. బండి రంగే మార్చాలనుకుంటే ముందు ఆర్టీఏ కార్యాలయంలో అడగండి.